గాలిలో ఆగిన బంతి

సీడీని లుంగీ అంచుతో తుడిచి, వెలుతురుకి ఎత్తి చూసి, మళ్ళీ తుడిచాడు రెహమాన్. గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పోవని తెలిసినా రోజూ తుడుస్తాడు.

రేపల్లెలో కోటిబాబు కేబుల్ కంట్రోల్ రూమంటే మేడమీద ఒక రేకుల గది. గోడ పొడవునా పెట్టెలు, సీడీ ప్లేయరు, చిన్న టీవీ, వాటి వెనక చిక్కులు పడ్డ వైర్లు, వాటిమీద దుమ్ము. టేబుల్ ఫ్యాను ఆ వేడిగాలినే ఇటునుంచి అటు తిప్పుతుంటుంది. ఒక మూల చాప, ట్రంకుపెట్టె, కిరసనాయిలు స్టవ్వు. ఉద్యోగమూ కాపురమూ అక్కడే. కాపురమంటే అతనొక్కడే.

ఆ రోజుల్లో పెళ్ళి చేసినవాళ్ళు దాని సీడీ తెచ్చి లోకల్ ఛానల్లో వేయించుకోవడం ఊళ్ళో మర్యాద. పెళ్ళిభోజనానికి వెళ్ళినవాళ్ళంతా తమ మొహాలు ఎలా పడ్డాయో చూసుకోవడానికి టీవీల ముందు చేరతారు. కిందటి వేసవిలో అమృతలూరు సంబంధం తాలూకు పెళ్ళి వేయాల్సి ఉండగా, తెనాలి సీడీల షాపులో కవర్లు తారుమారయ్యాయి. పెళ్ళికూతురు రావలసిన చోట జపాను బొమ్మల సినిమాలోని నిక్కరు పిల్లాడొచ్చాడు. రెహమాన్ వెంటనే ఆపేయాల్సింది. ఆపలేదు సరికదా, పెళ్ళివారు ఫోనుమీద ఫోను చేస్తుంటే రిసీవరు తీసి పక్కన పెట్టి చివరిదాకా చూశాడు. ఉద్యోగంలో చేరాక అతను చేసిన తప్పు అదొక్కటే. కోటిబాబు పెట్టిన చివాట్లు వీధిలోకి వినిపించాయి.

బొమ్మల మాటలు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ పిల్లాడికి వాలీబాల్ ఆడాలని ఉంది, ఆట రాదు. జట్టువాళ్ళు వాడిచేత నేల తుడిపిస్తారు, బంతులు ఏరిస్తారు. అందరూ వెళ్ళాక వాడొక్కడే గోడకేసి బంతి కొట్టుకుంటాడు. అది తిరిగొచ్చి మొహాన తగులుతుంది. పడతాడు, ముక్కు తుడుచుకుంటాడు, మొదటినుంచి మొదలుపెడతాడు. చివరికి ఎవరికో కాలు బెణికి వాడిని రమ్మంటారు. వాడు సర్వీసుకి బంతి ఎగరేస్తాడు. బంతి గాలిలో ఉండగా బొమ్మ బిగుసుకుపోతుంది. రెహమాన్ లేచి ప్లేయరు ఆపేదాకా అలాగే ఉంటుంది. అప్పటినుంచి ఛానల్ ఖాళీగా ఉన్నప్పుడల్లా అదే వేస్తున్నాడు. మిగతా కథ ఉండే రెండో సీడీ కోసం తెనాలి, బాపట్ల తిరిగాడు. అలాంటిదొకటి ఉందనే ఎవరికీ తెలియదు.

నేల తుడిచి బంతులు ఏరడమంటే ఏమిటో రెహమాన్‌కి ఎవరూ చెప్పనక్కర్లేదు. మేడ పక్క ఖాళీ స్థలంలో సాయంత్రాలు బాల్ బ్యాడ్మింటన్ ఆడతారు. కోర్టుకి సున్నం గీతలు వేసేదీ, నెట్టు కట్టేదీ, మురుగుకాలవలో పడ్డ పసుప్పచ్చ ఉన్ని బంతిని తీసి కడిగేదీ అతనే. ఆట అయ్యాక ఒక టీ ఇప్పిస్తారు. ఆడతావా అని మాత్రం ఎవరూ అడగలేదు. చెడ్డవాళ్ళని కాదు, తోచలేదంతే. అతనూ అడగలేదు. అడగడమన్నది అతనికి అలవాటు కాలేదు. వయసులో ఉన్నప్పుడు పెళ్ళిచూపులకని భట్టిప్రోలులో ఒకరి గుమ్మందాకా వెళ్ళి, లోపల చాలామంది కనిపించేసరికి వెనుదిరిగి బస్సెక్కేశాడు. తర్వాత ఇంకెవరూ పిలవలేదు.

ఆ సీడీ చూశాక, తీగలు తెగాయని ఎవరో పారేసిన బ్యాటు తెచ్చి నైలాన్ దారంతో అల్లుకున్నాడు. డాబామీది నీళ్ళ ట్యాంకు గోడకేసి కొట్టడం మొదలుపెట్టాడు. యాభై దాటిన మనిషికి ఓనమాలు. మొదట్లో బంతి కన్నా గాలికే ఎక్కువ దెబ్బలు తగిలాయి. ఈ మధ్య ఆయాసం వస్తోంది, ఎడమ భుజం లాగుతోంది. కొత్త ఆట కదా, లాగకేం చేస్తుందనుకున్నాడు.

ఫోను మోగింది. రాఘవమ్మగారు. మంచం దిగలేని పెద్దావిడ. అతను ఆవిణ్ణి ఎన్నడూ చూడలేదు. ఆ గొంతు వినని రోజు మాత్రం అతనికి తిండి సహించదు.

"ఇవాళ ఏమేస్తున్నావు నాయనా?"

"మధ్యాహ్నం సినిమా అండి, మామ్మగారూ. సాయంత్రం ఖాళీయేనండి."

"అయితే ఆ బంతి పిల్లాణ్ణి వెయ్యి. ఇవాళైనా కొడతాడేమో చూద్దాం."

"కొట్టడండి. సీడీ అంతవరకేనండి."

"రోజూ అదే చెబుతావు."

రెహమాన్ కాసేపు వైరు వేలికి చుట్టుకున్నాడు. "కింద స్థలంలో రేపు పునాదులు తీస్తున్నారండి. ఇవాళే ఆఖరి ఆట. నన్నూ ఆడనివ్వమని అడుగుదామనుకుంటున్నానండి."

"అడుగు. కొడతారా ఏంటి?"

సాయంత్రం సీడీ పెట్టి కిందికి దిగాడు. రేపు తవ్వేసే నేలే అయినా గీతలు ఎప్పటిలాగే తిన్నగా వేశాడు. ఒక జట్టులో శంకరరావు రాలేదు. ఐదుగురుండాల్సిన చోట నలుగురే.

"సరే, నలుగురితోనే కానిద్దాం," అన్నాడు డ్రిల్లు మాస్టారు బర్నబాస్.

రెహమాన్ తన బ్యాటు తీసుకుని గీత దాకా వచ్చాడు. అందరూ తమ తమ చోట్లకి వెళ్ళిపోతున్నారు.

"సార్, నేను నిలబడతానండి."

బర్నబాస్ వెనక్కి తిరిగాడు. "నీకు ఆటొచ్చా రెహమానూ?"

"రాదండి. నేర్చుకుంటున్నానండి."

"పైన ఛానలెవరు చూస్తారయ్యా?" అన్నాడు కోటిబాబు.

"సీడీ తిరుగుతోందండి."

అతని చేతిలోని నైలాన్ బ్యాటు చూసి ఎవరో నవ్వారు. బర్నబాస్ నవ్వలేదు. బంతి అందించాడు. రెహమాన్ వేసిన సర్వీసు నెట్టుకి తగిలి కిందపడింది.

"మళ్ళీ వెయ్యి," అన్నాడు బర్నబాస్.

ఈసారి దాటింది. అవతలివాడు తాపీగా తిప్పికొట్టాడు, రెహమాన్ అందుకోలేకపోయాడు, పాయింటు పోయింది. తర్వాత కూడా అతను కొట్టినవాటికన్నా వదిలినవే ఎక్కువ. మురుగుకాలవలో పడ్డ బంతినీ అతనే తెచ్చాడు. అయినా ఇన్నేళ్ళూ తాను వేసిన గీతల లోపల ఆ సాయంత్రం అతను నిలబడ్డాడు.

"ఉంచుకో. రేపటినుంచి మాకెందుకు?" అని ఆట అయ్యాక తడిబంతి అతని చేతిలోనే పెట్టేశాడు బర్నబాస్.

రెహమాన్ టీకి ఆగలేదు. మెట్లమీద రెండుచోట్ల కూర్చుని లేచాడు. గోడమీద బొగ్గుతో రాసుకున్న రాఘవమ్మగారి నంబరు మొదటిసారి తనే తిప్పాడు.

"మామ్మగారూ, బంతి దాటిందండి."

"ఎక్కడ? ఇక్కడింకా గాలిలోనే ఉంది."

"నా బంతండి."

"మంచిపని చేశావు నాయనా. ఏంటా రొప్పు? మంచినీళ్ళు తాగి నడుం వాల్చు."

"అలాగేనండి. సీడీ ఆపేసి పడుకుంటానండి."

ఆపలేదు. దీపాల వేళ దాటినా లోకల్ ఛానల్లో ఆ పిల్లాడు చెయ్యెత్తే ఉన్నాడు, బంతి దిగలేదు. కొందరు ఫోను చేసి, ఎవరూ ఎత్తకపోతే తిట్టుకుని ఛానల్ మార్చుకున్నారు. రాఘవమ్మగారు మాత్రం మోగించి మోగించి, చివరికి కోడలిచేత కోటిబాబు ఇంటికి కబురు పెట్టించింది.

కోటిబాబు తిట్టుకుంటూనే మెట్లెక్కాడు. రెహమాన్ చాపమీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కోటిబాబు పిలిచాడు, భుజం పట్టి కదిపాడు. ఒళ్ళు చల్లబడి ఉంది. మసీదుకి ఫోను చేశాడు.

ఫోను పెట్టేసి ప్లేయరు స్విచ్చి తీశాడు. టీవీలో బంతి మాయమైంది. టీవీ మీద, ఒక పక్క సున్నం అంటుకుని, ఉన్ని బంతి ఇంకా తడిగానే ఉంది.