అటువైపు ఆగిపోయిన బొమ్మ

సాయంత్రం ఆరు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. ముందు గదిలో తల్లి కుట్టుమిషను ఆపి, ఒళ్లో పడిన దారపు ముక్కలు దులుపుకుని, జుట్టు సర్దుకుని, ఫోనును బొత్తాల డబ్బాకు ఆనించి నిలబెట్టింది. వెనక గదిలో కూతురు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కెమెరాలో ముఖం చూసుకుంటూ కంప్యూటరు ముందు కూర్చుంది. ఇద్దరూ తమ మనుషులతో మాట్లాడటానికే సిద్ధమవుతున్నారు. చూసేవాళ్లకు ముచ్చటేసే ఇల్లు. కానీ ఆ వారం ఆ ఇంట్లో ఒక అన్యాయం జరిగింది. చేసిన పిల్ల చెడ్డది కాదు, తల్లంటే ప్రాణం. అందుకే ఈ సంగతి నలుగురికీ చెప్పాలి.

తల్లికి పుట్టుకతోనే వినబడదు. ఆమె అక్కకూ అంతే. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బధిరుల బడిలో సైగల భాష నేర్చుకున్నారు. చదువు మాత్రం పేర్లు, ధరలు, చిన్న చిన్న మాటలు చదువుకునే వరకే సాగింది. భర్త పోయాక చెల్లెలు బట్టలు సరిచేసి కుట్టే పనితో కూతుర్ని పెంచింది. అక్క పెళ్లి చేసుకోలేదు. రోజంతా ప్రయాణం చేస్తే తప్ప చేరలేని ఊళ్లో, పుస్తకాలు బైండింగు చేసేచోట పనిచేస్తూ ఒంటరిగా ఉండేది. రోజూ ఆరింటికి అక్కాచెల్లెళ్లిద్దరూ వీడియో కాల్‌లో అరగంట మాట్లాడుకునేవారు. అక్క తన సూపర్‌వైజరు నడకను రెండు వేళ్లతో బల్ల మీద నడిపించి చూపిస్తే, చెల్లెలు పొట్ట పట్టుకుని నవ్వేది. దెబ్బలాడుకునేవారు, అలిగేవారు, మర్నాడు మళ్లీ ఆరింటికి ఎదురెదురుగా కూర్చునేవారు.

కూతురికి వినబడుతుంది. ఆమెకు నోటిమాట కంటే ముందు చేతిమాటే వచ్చింది. ఫోనులో జనం తిట్లు వినే ఉద్యోగంతో విసిగిపోయి మానేసి, రెండేళ్లుగా కార్ల పందెం ఆట ఆడుతూ లైవ్ పెడుతోంది. మలుపులో ఆమె కారు తిప్పే తీరు చూసి జనం ‘మెరుపక్క’ అని పేరు పెట్టారు. ఇల్లు గడవడానికి అదీ ఓ ఆసరా అయింది.

అయితే కొంతకాలంగా లైవ్ బొమ్మ ఎగిరెగిరి పడుతోంది. మలుపు మొదట్లో కనిపించిన కారు మధ్యలో మాయమై చివర్లో తేలుతోంది. “అక్కా, కారు నడుపుతున్నావా, కప్పని గెంతిస్తున్నావా?” అని ఒకడు రాశాడు. అది చదివి వందమంది నవ్వారు. ఆమె కూడా నవ్వినట్టు నటించింది కానీ ఆ మాట ముల్లులా దిగింది.

వీధి చివర కంప్యూటర్లు రిపేరు చేసే ఆయన వచ్చి చూశాడు. “బొమ్మలో ముక్కలు, ఫ్రేములంటారు, మూడుచోట్ల పోవచ్చమ్మా. ఆటే తడబడొచ్చు. ఆటని వీడియోగా మార్చేచోట తడబడొచ్చు. లేదంటే ఆ వీడియో ఇంట్లోంచి బయటికి పోయే దారిలో పోవచ్చు. ఎక్కడ పోతోందో చూడకుండా కొత్త పార్టులు కొనకు, అంతా దండగ.”

ఫ్యాన్లలోంచి గుప్పెడు దుమ్ము తీశాడు. ఆట సెకనుకు అరవై ఫ్రేములు దాటకుండా కళ్లెం వేశాడు. వీడియో తయారుచేసే బరువును ప్రాసెసర్ మీద నుంచి గ్రాఫిక్స్ కార్డుకు మార్చాడు. చాలావరకు నయమైంది. అయినా ఆరు దాటగానే ఒక అంకె ఎర్రబడేది.

“ఇది దారిలో పోతున్న లెక్క,” అన్నాడాయన. “ఆరింటికి ఇంట్లో ఇంకెవరైనా వీడియో పంపుతారా?”

“అమ్మే. పెద్దమ్మతో కాల్. అదెంతలే అన్నా.”

“అదీ వీడియోనే కదా. నీ బిట్‌రేట్, అంటే సెకనుకు పంపే వీడియో బరువు, కాస్త తగ్గించు. నీ బొమ్మ పిసరంత మసకబారుతుంది, అంతే. ఇద్దరికీ సరిపోతుంది.”

“మసగ్గానా? సోమవారం నుంచి శనివారం దాకా పెద్ద పోటీ అన్నా. వేరే దారి లేదా?”

ఆయన తల గోక్కున్నాడు. “రూటర్లో నీ కంప్యూటరుకి ముందు వాటా ఇచ్చి, మిగతావాటికి కోత పెట్టొచ్చు. కానీ అమ్మనడిగి పెట్టు తల్లీ.”

“అడుగుతాలే.”

అడగలేదు. వారమే కదా అనుకుంది. ఆదివారం సాయంత్రం తనే రూటర్ తెరిచి, రోజూ ఆరు నుంచి తొమ్మిది వరకు కోత పెట్టేసింది. ఎర్ర అంకె సున్నా అయింది. ఆమె కుర్చీలోనే చిన్న గంతేసింది.

సోమవారం పొద్దున పెద్దమ్మ పనిచేసేచోట మెట్ల మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది, కళ్లజోడూ ఫోనూ ముక్కలయ్యాయి. ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. పెద్ద ప్రమాదమేమీ లేదన్నారు. పెద్దమ్మ పక్కింటావిడ రోజూ పని నుంచి నేరుగా ఆస్పత్రికి వెళ్లి, ఆరింటి నుంచి ఏడింటి వరకు తన ఫోను పట్టుకుని కూర్చునేది. బయటివాళ్లను లోపలికి రానిచ్చేది ఆ గంటే.

మంగళవారం కాల్‌లో తల్లికి అక్క బొమ్మ చక్కగా కనిపించింది. కానీ అక్క సైగలు విచిత్రంగా ఉన్నాయి. “మాట్లాడవేం? చేతులు కదపవేం?” అంటోంది. తల్లి రెండు చేతులూ ఊపి, లేచి నిలబడి, మళ్లీ కూర్చుని అన్నీ చెప్పింది. అక్క అదే అడిగింది. “అలిగావా?”

సంగతి ఏమిటంటే, కోత పడింది ఇంట్లోంచి బయటికి పోయే దారికి. అక్క బొమ్మ ఇటు బాగానే వచ్చేది. చెల్లెలి బొమ్మే అటు చేరక, ఎక్కడో ఒకచోట ఆగిపోయేది.

తల్లి తన ఫోనే చెడిందనుకుంది. బుధవారం దాన్ని వీధి చివర రిపేరాయన షాపుకు తీసుకెళ్లింది. ఆయన పరీక్షగా చూసి చీటీ మీద రాసిచ్చాడు: ‘ఫోను మంచిదే. నెట్ చూడమని అమ్మాయికి చెప్పండి.’ తల్లి ఆ చీటీ కూతురి ముందు పెట్టింది. కూతురు చదివింది. తను పెట్టిన కోత వల్లేనని తెలిసిపోయింది. కానీ లైవ్‌కు ఇంకా నాలుగు నిమిషాలే ఉంది. చీటీ కీబోర్డు కిందికి తోసి, “చూస్తాలే అమ్మా” అని సైగ చేసింది. ఇంకో మూడు రోజులేగా అనుకుంది.

“నేనొక్కదాన్నే అక్క దగ్గరికి పోతా,” అంది తల్లి.

“రెండు రైళ్లు మారాలి. అక్కడ ఎవరితో ఏమని మాట్లాడతావు? శనివారం అయిపోనీ, నేనే తీసుకెళ్తా.”

ప్రేమతోనే అంది. పోటీ కోసం కూడా అంది. రెండింటిలో ఏది ఎంతో ఆమెకే తెలియదు.

గురువారం ఆరున్నరకు తల్లి వెనక గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కెమెరాలో పడకుండా గోడకు ఒదిగింది, కూతురి పనికి అడ్డురాకూడదని. “అక్క ఏడుస్తోంది. నా బొమ్మ కదలట్లేదట,” అని చేతులతో చెప్పింది. కూతురు తెర మీది నుంచి చూపు తిప్పకుండానే ఒక వేలు ఎత్తింది. ఒక్క నిమిషం. తల్లి నిలబడే ఉంది. ఏడయింది. ఫోనులో బొమ్మ ఆరిపోయింది. ఆమె నెమ్మదిగా వెళ్లి మిషను ముందు కూర్చుని, అప్పటికే కుట్టేసిన కుట్టును విప్పి మళ్లీ కుట్టింది.

శుక్రవారం కూతురు నాలుగో స్థానం నుంచి మొదటి స్థానానికి వచ్చింది. ఒక్క ఫ్రేము పోలేదు. ‘గాజులా ఉంది అక్కా బొమ్మ’ అని మెచ్చుకున్నారు.

శనివారం పొద్దున పక్కింటావిడ దగ్గర నుంచి కబురొచ్చింది. ఊపిరితిత్తుల్లోకి రక్తపు గడ్డ చేరిందట. పెద్దమ్మ ఇక లేదు.

తల్లీకూతుళ్లు వెళ్లేసరికి, కడసారి చూపు మాత్రమే దక్కింది. అన్నీ అయ్యాక పెద్దమ్మ ఉన్న ఒంటిగదిలో కూర్చున్నారు. అతికించి ఆరబెట్టిన పుస్తకాల అట్టలు ఇంకా కిటికీ పక్కనే ఉన్నాయి. పక్కింటావిడ కూతురి వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టింది. తల్లికి వినబడదు కాబట్టి ఆ మాటల్ని కూతురే తన చేతులతో తల్లికి చెప్పాలి.

“రోజూ ఆరింటికి ముందే తలుపు వైపు చూస్తుండేది అమ్మాయ్. నేను ఫోను పట్టుకుంటే, బొమ్మ రాగానే గబగబా చేతులతో ఏదో చెప్పేది. మీ అమ్మ బొమ్మేమో కదిలేది కాదు.”

కూతురి చేతులు ఆ మాట చెప్పాయి.

“గురువారం మీ అమ్మ నాకు మెసేజ్ పెట్టింది, నెట్ బాలేదు, అక్కకి చెప్పండని. నేనెట్లా చెప్పను? నాకా సైగలు రావు. నర్సులకీ రావు. ఫోను చూపించి, లేదు లేదు అని చెయ్యి ఊపా. కళ్లజోడు కూడా లేదాయె. చెల్లెలు మాట్లాడనందని అనుకుందో ఏమో, ముఖం గోడవైపు తిప్పుకుంది.”

కూతురి చేతులు గాల్లోనే ఆగాయి. ఈ ఒక్క ముక్క వదిలేస్తే తల్లికి ఎప్పటికీ తెలియదు. వదిలెయ్యాలనిపించింది. తల్లి కళ్లు ఆమె వేళ్ల మీదే ఉన్నాయి. వదల్లేకపోయింది. చెప్పింది.

“శుక్రవారం ఫోను నా చేతిలోంచి లాక్కుంది. తెర మీద మీ అమ్మ చెంపని వేలితో తట్టింది, నిద్రలేపినట్టు. తట్టి తట్టి, గుండెల మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. అంతే.”

అది కూడా చెప్పాక, కూతురు తన మాట మొదలుపెట్టింది. “నీ ఫోను తప్పు కాదమ్మా. నేనే ఆపాను. నా లైవ్ బాగా రావాలని నీ దారికి కోత పెట్టాను. చీటీ చూశాక కూడా తియ్యలేదు.”

తల్లి ఒకే మాట అడిగింది. “ఎన్ని రోజులు?”

“పెద్దమ్మ పడిన రోజు నుంచీ. అన్ని రోజులూ.”

తల్లి చేతులు ఒళ్లోకి జారిపోయాయి. తర్వాత కళ్లు మూసుకుంది. కూతురు ఆమె మోకాళ్లు పట్టుకుంది, కళ్ల ముందు చేతులాడించింది, భుజాలు కుదిపింది. చేతులతో మాట్లాడే మనిషి కళ్లు మూసుకుంటే, ఈ లోకంలో ఎవరి మాటా ఆమెకు చేరదు.

ఇంటికి వచ్చాక కూతురు కోత తీసేసింది. బిట్‌రేట్ తగ్గించి లైవ్ పెట్టింది. బొమ్మ పిసరంత మసకబారింది. రిపేరాయన చెప్పినంతే, అంతకు మించి కాదు. చూసేవాళ్లలో ఒక్కరూ గమనించలేదు. ఒక్కరంటే ఒక్కరు కూడా ఆ మాట ఎత్తలేదు. అరగంటకే ఆమె లైవ్ ఆపేసి, బల్ల మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. ముందు గదిలో తల్లికి ఆ ఏడుపు వినబడలేదు. ఆరింటికి పిలవాల్సిన మనిషి లేని దారి ఖాళీగా ఉంది.

తల్లి మాట్లాడటం పూర్తిగా మానలేదు. “తిను.” “తలుపు వెయ్.” “సూది ఎక్కడ?” అంతే. నవ్వులు, కబుర్లు పోయాయి.

నెల తర్వాత, అక్కాచెల్లెళ్లకు చిన్నప్పుడు బడిలో భాష నేర్పిన టీచరమ్మ వచ్చింది. ముసలిదైపోయింది, అయినా వేళ్లు చురుగ్గానే ఆడుతున్నాయి. తల్లితో చాలాసేపు మాట్లాడింది. తల్లి ఆ నెలలో మొదటిసారి ఆవిడ ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. వెళ్లేముందు కూతురు గుమ్మం దాకా వచ్చి అడిగింది.

“టీచరమ్మా, అమ్మ నన్ను ఎప్పటికైనా క్షమిస్తుందా?”

“అది మీ అమ్మ ఇష్టం. ఆ మాట నా చేత చెప్పించకు.” ఆవిడ చెప్పులు తొడుక్కుని, గోడ పట్టుకుని ఆగింది. “ఒకటి చెప్తా విను. ఆ ఆస్పత్రిలో అన్ని మందులున్నాయి, మిషన్లున్నాయి. మీ పెద్దమ్మ భాష వచ్చిన మనిషి ఒక్కరు లేరు. ఎవరూ నేర్చుకోలేదు, అది వచ్చిన మనిషిని పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఆ గదిలో దానికున్న ఒకే ఒక్క మనిషి మీ అమ్మ, ఆ ఫోనులో. నువ్వేదో పగతో చెయ్యలేదు. ఊరంతా చేసేదే నువ్వూ చేశావు. కోత పెట్టాల్సి వచ్చినప్పుడు మనం ఎవరికి పెడతాం? అరిచి గోల చెయ్యని వాళ్లకే. నీ లైవ్‌లో వందమంది గోల చేశారు, నీకు వినబడింది. మీ అమ్మ గుమ్మంలో అరగంట నిలబడింది, నీకు కనబడలేదు.”

కూతురు వెనక్కి తిరిగి తల్లి కూర్చున్న వైపు చూసింది.

“నోరు తెరిచి అడగలేని మనిషి వాటా తీసుకునేముందు, వెళ్లి ఆ మనిషి ఎదురుగా కూర్చుని, కళ్లలోకి చూసి అడగాలమ్మా,” అంది టీచరమ్మ. “ఇంట్లో అయినా, ఆస్పత్రిలో అయినా, ఊళ్లో అయినా.”