వంకర లేని పట్టర్

బస్సు డ్రైవరుకు ఈమధ్య బుట్ట మీద పీకలదాకా కోపం. పళ్లెంలాంటి డిస్కు విసిరి, గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో పడేసే డిస్క్ గోల్ఫ్ అంటే అతనికి ప్రాణం. దూరం నుంచి విసిరినవి బాగానే వెళ్లేవి. తీరా బుట్ట దగ్గరికొచ్చాక, చివరి విసురుకు వాడే పట్టర్ మాత్రం ముందే చతికిలబడేది, లేదంటే పక్కనుంచి జారిపోయేది. తప్పంతా పట్టర్‌దేనని తేల్చేసి, సెలవు రోజున బావమరిదిని వెంటేసుకుని దుకాణానికి వెళ్లాడు.

"చెయ్యి మార్చుకోలేవు కాబట్టి పట్టర్ మారుస్తున్నావన్నమాట!" అన్నాడు బావమరిది.

"నోర్మూసుకుని రా."

దుకాణం ఆవిడ బల్ల మీద కొన్ని పట్టర్లు పరిచింది. ఒకటి మరీ మెత్తగా ఉండి పట్టుకోగానే వంగిపోయింది. ఇంకోదాని అంచు లావు, వేళ్లు కుదరలేదు. ఆ తర్వాతది చేతిలోకి రాగానే ఇమిడిపోయింది. డ్రైవరు మొహం వెలిగింది.

"అంచు వంకరేమీ లేదు కదండీ?"

"మీరే చూసుకోండి. కళ్లకు సమంగా పెట్టి, ఒక కన్ను మూస్తే తెలిసిపోతుంది."

ఎడమపక్క నుంచి బావమరిది తల దూర్చి చూస్తున్నాడు. డ్రైవరు డిస్కును కుడివైపు జరిపి, ఎడమకన్ను మూశాడు.

"కరెంటు పోయిందా?" అన్నాడు.

బావమరిది పకపకా నవ్వాడు. "పట్టపగలు కరెంటుతో పనేంటి బావా?"

డ్రైవరు ఎడమకన్ను తెరిచాడు. ఫ్యాను తిరుగుతోంది, దుకాణం ఆవిడ తనవైపే చూస్తోంది. మళ్లీ మూశాడు. ఏమీ లేదు. పొగలాంటి మసక, అంతే.

బావమరిది నవ్వు ఆగిపోయింది. అతని మొహం ముందు చెయ్యి పెట్టి, "ఎన్ని వేళ్లు?" అన్నాడు.

"వేళ్లేవిరా?"

పట్టర్ చేతిలోంచి జారి నేల మీద దొర్లింది. ఎవరూ దాన్ని పట్టుకోలేదు. డ్రైవరు అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు. నిన్న బస్సు నిండా జనం. బడి దగ్గర మలుపులో రోడ్డు దాటిన పిల్లలు. కుడిపక్క అద్దంలోకి చూడాలంటే మెడ మొత్తం తిప్పాల్సి వచ్చేది, ఎప్పటినుంచో! మెడ పట్టేస్తోందంటే భార్య దిండు మార్చింది.

అక్కడే కూర్చుని డిపో అధికారికి ఫోన్ చేశాడు.

"సార్, రేపు నన్ను బండి ఎక్కించకండి."

"సెలవు కావాలా?"

"కాదు సార్. నాకో కన్ను కనబడట్లేదు."

"ఎప్పుడు జరిగిందయ్యా?"

"తెలీదు సార్. అదే భయంగా ఉంది."

వచ్చేటప్పుడు కారు తోలింది అతనే. ఇప్పుడు తాళాలు బావమరిది చేతిలో పెట్టాడు. ఇంట్లో విషయం చెబితే భార్య ముందు నమ్మలేదు. నమ్మాక గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

"మొన్న అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లింది మీ బస్సులోనే కదండీ!"

కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిందన్నాడు డాక్టరు. నొప్పి లేకుండా, మెల్లమెల్లగా. ఎడమకన్ను ఆ లోటును కప్పిపుచ్చుతూ వచ్చింది. దగ్గరి దూరాల అంచనా తప్పింది అందుకే. పోయిన చూపు ఇక రాదు, మిగిలిన కంటిని చుక్కల మందుతో కాపాడుకోవచ్చు. డిపోలో బస్సుల వేళలు చూసే పని ఇచ్చారు. బావమరిది వెళ్లి ఆ పట్టర్ కొనుక్కొచ్చాడు కానీ, డ్రైవరు ఇంకా మైదానం వైపు వెళ్లలేదు.

కొత్త పనిలో చేరడానికి మొదటిసారి ప్రయాణికుడిగా బస్సెక్కాడు. బస్సు నడుపుతున్న కుర్రాడి వెనక సీట్లోనే కూర్చున్నాడు. ప్రతి మలుపులోనూ కాలు దానంతటదే లేని బ్రేకు తొక్కుతోంది. బడి దగ్గరికి రాగానే కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు.

"ఏంటన్నా, నా డ్రైవింగ్ మీద నమ్మకం లేదా?" అన్నాడు కుర్ర డ్రైవరు నవ్వుతూ.

అతను తర్వాతి స్టాపులోనే దిగిపోయి, గోడ పట్టుకుని కాసేపు నిలబడి, మిగతా దూరం నడిచి వెళ్లాడు.