నీడ గుర్రం మీద కేసు

ఈ కేసు ఓడితే మా వీడియో ఆట మార్కెట్ నుంచి మాయమవుతుంది. దాన్ని తయారుచేసిన మేం నలుగురం వీధిన పడతాం.

ఆట పేరు నీడ గుర్రం. నిన్న మీరు పరిగెత్తించిన గుర్రం ఇవాళ నీడలా పక్కనే పరిగెడుతుంది, దాన్ని ఓడించాలి. ఆ నీడ ఆలోచనకు పేటెంటు తమదంటూ పైన్‌రిడ్జ్ అనే కంపెనీ మా మీద పడింది. వాళ్ళు ఒక్క ఆటా తయారుచెయ్యలేదు. వాళ్ళ ఆఫీసంటే టెక్సస్‌లోని మార్షల్ ఊళ్ళో తాళం వేసిన ఒక గది, తలుపు మీద పేరు. పాత పేటెంట్లు కొని మాలాంటివాళ్ళ పీక పట్టుకోవడమే వాళ్ళ వ్యాపారం.

జడ్జి ముందుకు వెళ్ళకముందే సాక్ష్యం రాసుకునే గదిలో, ఆ పేటెంటు వాళ్ళకు అమ్మిన వెర్నన్ స్టకీ చేత ప్రమాణం చేయించి, మా లాయరు లోర్నా ప్రశ్నలు మొదలుపెట్టింది. ఆయన పక్కన కంపెనీ లాయరు ప్రూయిట్.

"స్టకీ గారూ, ఈ ఆలోచన నిజంగా మీదేనా? నాకెందుకో నమ్మబుద్ధి కావట్లేదు."

ముసలాయన మొహం కందగడ్డలా అయింది. "నాది కాక మీ తాతదా అమ్మా?"

"వెర్నన్, అడిగినంతే చెప్పండి," అన్నాడు ప్రూయిట్.

"నువ్వాగవయ్యా! నన్ను దొంగంటుంటే ఊరుకోనా?"

"దరఖాస్తు పెట్టేనాటికి కాగితం మీద గీతలు తప్ప మీ దగ్గర ఏమీ లేవట?" లోర్నా ఇంకాస్త గిల్లింది.

"గీతలా? అంతకు రెండేళ్ళ ముందే డాలస్ సంతలో బల్ల వేసి ఆడించాను! జనం పుల్లకు గుచ్చి వేయించిన కార్న్ డాగులు నములుతూ వరస కట్టారు. డిస్కులు కొని సంచుల్లో పట్టుకెళ్ళారు!"

ప్రూయిట్ లేచి నిలబడ్డాడు. "విరామం కావాలి."

"నా ప్రశ్న అయ్యాక. స్టకీ గారూ, రహస్యంగా ఉంచమని వాళ్ళకు చెప్పారా?"

"రహస్యమా? మైకు పెట్టి మరీ పిలిచాను! టీవీ వాళ్ళు తీసిన టేపు మా ఇంట్లో ఉంది, చూస్తారా?"

"తప్పకుండా చూస్తాం సార్."

వసారాలోకి రాగానే లోర్నా నా భుజాలు పట్టి ఊపేసింది. "డార్లా! జనంలో పెట్టి అమ్మాక ఏడాదిలోపు దరఖాస్తు చేసుకోవాలి. ఆయన రెండేళ్ళు ఆగాడు. ఆ పేటెంటు చచ్చింది!"

నా గుండె గుర్రంకన్నా జోరుగా పరిగెత్తింది.

ప్రూయిట్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "కేసు వెనక్కి తీసుకుంటాం. మళ్ళీ మీ జోలికి రాం. సంత సంగతి మాత్రం మన మధ్యే ఉండాలి."

మా ఆట బతికింది. సంతకం పెడితే ఇంటికెళ్ళిపోవచ్చు.

"రేపు ఇదే పేటెంటుతో ఇంకొకళ్ళ మీద పడతారుగా?" అన్నాను.

"అది మీకెందుకమ్మా?"

లోర్నా నా వంక చూసింది. "నీ ఇష్టం, పిల్లా. ఒప్పుకుంటే ఇప్పుడే అయిపోతుంది. లేదంటే జడ్జి దాకా వెళ్ళి ఆ పేటెంటునే రద్దు చేయించాలి."

"వెళ్దాం," అన్నాను. "ముందు ఆ టేపు తెచ్చుకుందాం. కారు నేను నడుపుతా."