మోకాలు వంగని రోజులు

"నీకే ధైర్యం లేదు. అందుకే కాలు వంగుతలేదు," అన్నాడు మా ఆయన జలపతి, తెలంగాణ దీక్షా శిబిరానికి పోవడానికి చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

ఐదు వారాలుగా ఆ మాటే వింటున్నాను. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లకూ అదే చెప్పాడు. "సగం నయమయ్యేది మనసుతోనేనని డాక్టరే చెప్పిండు. మా సత్యవ్వకు ఆ మనసే లేదు."

ముప్పై ఏళ్లు మరమగ్గాలకు నూలు కండెలు చుట్టి అరిగిపోయిన నా కుడి మోకాలికి కరీంనగర్‌లో కొత్త కీలు వేశారు. సిరిసిల్లకు వచ్చాక కసరత్తు చేయించడానికి రజిత అనే అమ్మాయి రెండు రోజులు వచ్చింది. అంతలో సకల జనుల సమ్మె మొదలైంది. "బస్సులు బందు. ఆ పిల్ల ఎట్ల వస్తది? తెలంగాణ కోసం గీ మాత్రం ఓర్చుకోవా?" అన్నాడు. ఓర్చుకున్నాను. తెలంగాణ నాకూ కావాలి కదా. గోడ పట్టుకుని నిలబడి వండాను, గిన్నెలు తోమాను. కాలు రోజురోజుకూ బిగుసుకుపోతుంటే లోపం నాలోనే ఉందనుకున్నాను. పిరికిదాన్నని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ రోజు ఆయన వెళ్లిన కాసేపటికి వాకిట్లో స్కూటీ ఆగింది. రజిత!

"సమ్మెల ఎట్ల వచ్చినవ్ బిడ్డా?"

"నాకు బస్సుతోటి ఏం పని అమ్మా? రోజు గీ గల్లీలకెల్లే పోతున్న. మీరే వద్దన్నరట గదా. ఆమెకు మనసొప్పుతలేదు, ఇంట్ల పని చేస్తే అదే కసరత్తు, ఇగ రావద్దని మీ సారు ఫోన్ చేసిండు. ఇయ్యాల ఎట్లున్నరో సూసి పోదామని ఆగిన."

నేను అనని మాటను నా పేరు మీద చెప్పి, ఆ మాటకే నన్ను నలుగురిలో పిరికిదాన్ని చేశాడు. కోత నొప్పికి రాని ఏడుపు అప్పుడొచ్చింది.

"ఇప్పుడు వంగుతదా?"

"ఆలస్యమైంది. మస్తు నొస్తది. కని వంగుతది."

"పట్టు మరి."

పళ్లు బిగబట్టినా అరుపు వచ్చేసింది. అయినా ఆపమనలేదు.

మధ్యాహ్నం ఆయన వచ్చేసరికి రజిత భుజం పట్టుకుని గల్లీలో నడుస్తున్నాను.

"గీ పిల్లను ఎవలు ఉండుమన్నరు?"

"నేనే."

"ఆపు రజితా. ఆమె ఓర్వది."

రజిత ఆగి నా ముఖంలోకి చూసింది.

"నా సంగతి నన్నే అడుగు బిడ్డా," అని కాలు ముందుకు వేశాను.