మూడు వేళ్ల ఇటుక

సైకిలు ముందు చక్రంలో గాలి నింపి, బొటనవేలితో నొక్కి చూసి, వెనక సంచి తాడు మళ్లీ బిగించాడు బట్టీ బావ. ముప్పై ఏళ్లు బట్టీలో ఇటుకలు కోసిన మనిషి కాబట్టి బావమరిది పెట్టిన పేరది.

"ఆ ఇటుక ఇక్కడన్నా పారెయ్ బావా! సరిహద్దు కూడా దాటించావు. ఎత్తు వస్తే చాలు, సైకిలు కన్నా నువ్వే ఎక్కువ మూలుగుతున్నావు."

"నీ పొట్ట నువ్వు మోసుకొస్తుంటే నేనేమన్నా అన్నానా?"

నవ్వుకుంటూ పరాయి ఊరి వీధుల్లో పడ్డారు. మొదటి మ్యూజియంలో రాజుల కత్తులు. రెండోదానిలో మనిషిని మింగేంత ఇత్తడి గంట. బట్టీ బావ తెరిచిన నోరు మూయలేదు.

మూడోది చిన్నది. బావమరిది కాళ్లు పీకుతున్నాయంటూ మెట్ల మీదే కూలబడ్డాడు. బావ ఒక్కడే లోపలికి వెళ్లాడు. చివరి గదిలో, అద్దాల పెట్టెలో ఒక ఇటుక. పక్కన రాసినదానిలో అంకె ఒక్కటే అర్థమైంది. నాలుగు వేల ఏళ్లు! ఇటుక మీద మూడు వేళ్ల గుంటలు.

అతను అద్దానికి మొహం ఆనించి చూశాడు. బట్టీలో ఒక జంట కోసిన ఇటుకలు ఇంకో జంటవాటితో కలిసిపోకుండా, వరుసలో ఆఖరి పచ్చి ఇటుక మీద ఇలాగే వేళ్లు నొక్కుతారు. వాళ్ల వరుసకి అతని భార్య నొక్కేది. "గోడలో పెట్టి సిమెంటు పూసేస్తే నా వేళ్లు ఎవరు చూస్తారయ్యా?" అని నవ్వేది.

బయటికి పరిగెత్తాడు. సంచిలో ఇటుకని తువ్వాల్లో చుట్టుకుని తిరిగొచ్చి, పెట్టె పక్కన పెట్టి పోల్చి చూస్తున్నాడు. భుజం మీద చెయ్యి పడింది.

"దాన్నెలా బయటికి తీశావ్?" కాపలా ఆవిడ. సరిహద్దు ఊరు కావడంతో ఆవిడకి అతని భాష వచ్చు.

"తియ్యలేదమ్మా, ఇది నాది!"

"దొంగలందరూ చెప్పేది అదే. ఇటివ్వు."

అతను ఇటుకని గుండెకి హత్తుకున్నాడు. "కావాలంటే నన్ను పట్టుకుపోండి. ఇది మాత్రం ఇవ్వను."

అరుపులకి బావమరిది ఊడిపడ్డాడు. "ముందు ఆ పెట్టెలో చూడండమ్మా!"

చూసింది. పాత ఇటుక దాని చోట అది ఉంది. మళ్లీ అతని చేతిలోది చూసింది. మధ్య గుంట కాస్త వంకర.

"మా అక్క వేలది. చిన్నప్పుడు తలుపు సందులో నలిగింది" అన్నాడు బావమరిది. గొంతులో వేళాకోళం లేదు.

"ఆవిడ రాలేదా?"

ఒక సాయంత్రం ఈ ఇటుక మీద వేళ్లు నొక్కి, చేతులు కడుక్కుని పడుకుంది. తెల్లారి లేవలేదు. బట్టీ బావ అంతే చెప్పాడు.

కాపలా ఆవిడ అద్దాల పెట్టె వైపు చూసింది. "అవెవరి వేళ్లో మాకూ తెలీదు. కానీ వచ్చినవాళ్లంతా అక్కడే ఆగుతారు."

అతను ఇటుకని ఒకసారి నిమిరాడు. పెట్టెకి ఎదురుగా కిటికీ ఉంది. ఇక్కడ పెట్టనా అన్నట్టు దాని గట్టు వైపు చూపించాడు.

"ఆ రెక్క గాలికి తెగ కొట్టుకుంటోంది" అందావిడ. "ఏదన్నా బరువు అడ్డం పెట్టాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్నా."

ఎండ వాలుతుండగా సైకిళ్లు కదిలాయి. మలుపులో బట్టీ బావ ఒక్కసారి వెనక్కి తిరిగాడు. కిటికీ దగ్గర ఎవరో ఆగి వంగి చూస్తున్నారు. వాళ్ల ముందు, గట్టు మీద, రెక్కని కదలనివ్వకుండా, మూడు గుంటల నిండా ఎండతో ఇటుక.