నాలుగు తానుల దూరం

జక్కమ్మ ఆ మిషన్ ముందే నిలబడి ఉంది. మిషన్ మాత్రం జక్కమ్మ రాలేదంది.

నవ్వొచ్చే మాటే. కానీ ఆ సోమవారం పొద్దున మడత షెడ్డులో ఒక్కరూ నవ్వలేదు.

తమిళనాడులో రాజపాళయం నుంచి సత్రపట్టికి పోయే రోడ్డు మీద ఉంది ఆ మిల్లు. ఆసుపత్రుల్లో పుండుకు చుట్టే పల్చటి బ్యాండేజి గుడ్డ అక్కడ తయారవుతుంది. ఉడకబెట్టి తెల్లగా చలవ చేసిన గుడ్డను తెల్లవారగానే ఆవరణలో తీగల మీద ఆరేస్తారు. ఆరినదాన్ని వెనక షెడ్డులో నలభై మంది ఆడవాళ్లు కోసి, మడిచి, కట్టలు కడతారు. ఆ షెడ్డులో ఒక స్తంభానికి మూడు నెలల కింద హాజరు మిషన్ అని ఒక టాబ్లెట్టు బిగించి, సైకిలు గొలుసుతో తాళం వేశారు. ఏడు గంటల లోపల దానికి మొహం చూపించాలి. అది ఆ మొహాన్ని ఆఫీసు వైఫై మీదుగా కోయంబత్తూరులో ఉన్న ఏదో కంపెనీకి పంపుతుంది. టింగుమని పచ్చ గీత పడితే హాజరు. చక్రం తిరుగుతూ తిరుగుతూ ఏడు దాటిందా, గైర్హాజరు. కొన్ని రోజులు గీత పడుతుంది, కొన్ని రోజులు పడదు. ఆ తర్వాత నడుము విరిగేదాకా పని చేసినా సరే, ఆ రోజు నువ్వు రాలేదు. కూలి మేనేజరు చేత్తో రాసి ఇప్పిస్తాడు. రోజు మాత్రం ఎవరూ ఇప్పించలేరు.

జక్కమ్మకు ఆ రోజులే ప్రాణం. రెండేళ్లలో నాలుగువందల ఎనభై రోజులు పని చేసినవాళ్లను పర్మనెంటు చెయ్యాలని చట్టం. అందుకని మిల్లువాళ్లు ఏం చేస్తారంటే, లెక్క నిండకముందే "బ్రేక్" అని ఇంటికి తోలి, పది రోజుల తర్వాత కొత్త మనిషిలాగా చేర్చుకుంటారు. యాభై నాలుగేళ్ల జక్కమ్మ ఆ బ్రేక్‌కు చిక్కకుండా, జ్వరంతో వచ్చి, కాలు వాచి వచ్చి, కొడుకు పెళ్లికి కూడా ఒక్క రోజే సెలవు పెట్టి నాలుగువందల డెబ్బై ఏడు పోగేసింది. ఇంకా మూడు కావాలి. శుక్రవారంతో రెండేళ్లూ ముగుస్తాయి. చేతిలో ఉన్నవి అయిదు రోజులు. అందులో సోమవారం ఇదిగో, కళ్లముందే పోయింది.

సుగంధి నేరుగా మేనేజరు వేంకటసుబ్రహ్మణ్య దగ్గరికి పోయింది. ఆమెదీ మడత పనే, ఊరు తళవాయిపురం; జక్కమ్మను వరసకు అత్త అని పిలుస్తుంది. పదో తరగతి దగ్గర చదువు ఆగింది, నోరు ఆగలేదు. షెడ్డులో ఎవరికి ఏ అర్జీ రాయాలన్నా ఆమే.

"సార్, అత్త ఆరున్నరకే వచ్చినాది. నలభై మందిమి చూసినాము."

"నలభై మంది చూస్తే ఏమి? సిస్టం చూడలే గదా."

"మీ కండ్లు చూసినాయి గదా?"

"నా కండ్లకు కోయంబత్తూరుతో కనెక్షన్ లేదమ్మా."

"అయితే ఆ టాబ్లెట్టు గొలుసు ఇప్పండి. ఆఫీసు కాడికి తెచ్చి మొహం చూపించి పోతాము."

"ఎవరైనా ఎత్తుకోని పోతే? నువ్వు కడతావా?" అని ఆయన ఫోను తీశాడు. "నెట్ రాలేదంటారు, అంతే గదా? మెకానిక్కును పిలుస్తా. వాడు చెప్తే నేను నమ్ముతా."

మెకానిక్కు ఆరోక్కియరాజ్ టౌనులో కంప్యూటర్ల కొట్టు నడుపుతాడు. మధ్యాహ్నం మూడింటికి వచ్చాడు. షెడ్డు గుమ్మంలో నిలబడి ఫోను చూశాడు, స్తంభం దగ్గర చూశాడు, మూల మూలా తిరిగాడు. "సిగ్నల్ ఫుల్‌గా ఉందమ్మా!" అన్నాడు. నమ్మకపోతే నీ ఫోనులోనే చూసుకో అని సుగంధి ఫోనులో వైఫై పాస్‌వర్డు కూడా కొట్టి ఇచ్చాడు. నిజమే. గీతలన్నీ నిండుగా ఉన్నాయి.

వేంకటసుబ్రహ్మణ్య మీసం కింద నవ్వాడు. "చూసినావా? లేటుగా వచ్చేది మీరు, నింద నెట్ మీదనా?"

సుగంధికి ఒళ్లు మండింది. కానీ ఒళ్లు మండితే సరిపోదు, కారణం కావాలి. ఇంటికి పోయే బస్సులో, అన్నం వండుతూ, పడుకునేదాకా ఫోనులో వీడియోలు చూసింది. రౌటరంటే ఏమిటి, రిపీటరంటే ఏమిటి, యాక్సెస్ పాయింటంటే ఏమిటి. సగం ఇంగ్లీషు, సగం తమిళం, అర్థం కాని మాట దగ్గర వెనక్కి తిప్పి మళ్లీ. చదువుకున్నవాడు ఒకసారి వింటే వచ్చేది తనకు నాలుగుసార్లకు వస్తుంది. వస్తుంది కదా!

మంగళవారం ఆరూ యాభైకి జక్కమ్మ మొహం చూపించింది. చక్రం తిరిగింది. తిరిగి తిరిగి ఏడయింది. జక్కమ్మ స్తంభానికి తల ఆనించి, "పోయినాది పిల్లా," అంది. "రెండేండ్లు గంగలో పోసినాడు పాపిష్టోడు."

సుగంధి తన ఫోను చూసింది. ఒక్క గీత కూడా లేదు. అదే ఫోను, అదే స్తంభం, నిన్న మూడింటికి నిండుగా ఉన్న చోటు. మరి మధ్యలో మారిందేమిటి? తలెత్తి గుమ్మం బయటికి చూసింది.

ఆఫీసుకీ షెడ్డుకీ నడుమ ఆవరణంతా గుడ్డ. పన్నెండు వరసలు. ఇప్పుడే చలవ గుంతలోంచి తీసి వేసినది, నీళ్లు కారుతున్నాయి. నిన్న మూడింటికి ఇక్కడ గుడ్డే లేదు. రెండింటికల్లా ఎండిపోతుంది, తీసేస్తారు. నీళ్లు సిగ్నల్‌ను మింగేస్తాయని రాత్రి వీడియోలో ఒకడు చేపల తొట్టి చూపించి మరీ చెప్పాడు. చేపల తొట్టి ఎవరికి కావాలి! ఇక్కడ నీళ్లతో పన్నెండు గోడలు కట్టి పెట్టారు, సరిగ్గా హాజరు వేళకు. గుడ్డ ఆలస్యంగా ఆరేసిన రోజే పచ్చ గీత పడేది.

"అత్తా, లే. అందరూ బయటికి రండి."

"ఏంటికి?"

"మనము రాలేదంట గదా. రానోళ్లు పని ఎట్ల చేస్తారు? రండి!"

నలభై మందీ వచ్చి ఆవరణలో తీగల కింద చతికిలబడ్డారు. మడత బల్లలు ఖాళీ. పన్నెండింటికి చెన్నైకి పోయే లారీ గేటు బయట నిలబడి ఉంది, ఎత్తడానికి ఒక్క కట్ట లేదు. వేంకటసుబ్రహ్మణ్య పరుగెత్తుకొచ్చాడు.

"ఇదేమి ఆట? లోపలికి పోండి!"

"మేము రాలేదు సార్," అంది సుగంధి.

"ఇక్కడ కూర్చోని ఉండారు గదా!"

"సిస్టం చూడలే గదా సార్."

ఆడవాళ్లు పమిటలు అడ్డం పెట్టుకుని నవ్వారు. మేనేజరు మొహం మిరపపండయింది. అరిచాడు, పోలీసన్నాడు, పేర్లు రాసుకుంటానన్నాడు. "రాసుకోండి సార్, అట్లైనా హాజరు పడుతుంది," అంది ఎవరో వెనక నుంచి.

ఎనిమిదింటికి ఓనరు కోదండరామ రాజా కారు వచ్చింది. ఆయన దిగి, లారీని చూశాడు, ఆడవాళ్లను చూశాడు, చివరికి సుగంధిని చూశాడు. ఎవరితో మాట్లాడాలో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఏమ్మా, ఏమి కావాల?"

"మీ రెండు కండ్లు కావాల అయ్యా. ఐదు నిమిషాలు."

ఆమె ఆయనను ఆఫీసు మెట్ల మీద నిలబెట్టి ఫోను చేతికిచ్చింది. గీతలు నిండుగా ఉన్నాయి. మొదటి వరస దాటించింది. రెండు, మూడు, నాలుగు. తడిగుడ్డ ఆయన చొక్కాకు అంటుకుంది, చెంపకు తగిలింది. ఆరో వరస దగ్గర రెండు గీతలు. పన్నెండో వరస దాటాక ఏమీ లేదు. అప్పుడు సుగంధి చెయ్యెత్తింది. ఆడవాళ్లు లేచి గుడ్డను తీగల మీద ఒక చివరికి జరిపేశారు, పెళ్లిలో తెర తీసినట్టు. ఆఫీసు మెట్లు ఎదురుగా కనిపించాయి. ఆయన చేతిలో ఫోనుకు ప్రాణం వచ్చింది.

కోదండరామ రాజా ఫోను తిరిగిచ్చాడు. "మూడు నెలలుగా ఇట్లనేనా?"

"చుమ్మా, ఊరికే చెప్తా ఉంటిమా అయ్యా? మెకానిక్కును మధ్యాహ్నం పిలిస్తే ఏమి తెలుస్తుంది? పగలు వచ్చి దెయ్యము లేదన్నట్టు ఉండాది."

"పొద్దున ఆరేయకుంటే?"

"ఆరేయకుంటే గుడ్డ మురిగిపోతుంది. గుడ్డ తప్పేమీ లేదు. నెట్టుకు దారి వెయ్యాల." జక్కమ్మను ముందుకు లాగింది. "పోయిన రెండు రోజులు కూడా రాసియ్యండి."

"అది కోయంబత్తూరువాళ్ల చేతిలో ఉండాది, ఏడు దాటగానే లాకయిపోతుంది. రేపటి నుంచి ఒక్కరి రోజు పోదు. సరేనా? ఏమి కావాలో నువ్వే పోయి ఎంచుకోని రా. మేనేజరు కూడా వస్తాడు."

బుధ, గురు, శుక్ర. మూడు రోజులున్నాయి, మూడూ కావాలి. ఒక్కటి జారినా జక్కమ్మ కొత్త మనిషే.

కొట్టుకు పోయే ముందు దూరం తెలియాలి. టేపు స్టోరులో ఉంది, తాళం స్టోరుకీపరు దగ్గర, అతను సెలవులో. సుగంధి ఆగలేదు. వాళ్ల మిల్లులో ప్రతి తానూ సరిగ్గా ఇరవై మీటర్లు, ఒక జానెడు తేడా వస్తే తిప్పి పంపేస్తారు. తాను మీద తాను విప్పి, ఆఫీసు గోడ నుంచి ప్రహరీ వెంట స్తంభం దాకా పరిచారు. నాలుగో తాను చివర రెండు బారలు మిగిలింది.

ఆరోక్కియరాజ్ కొట్టులో అడుగుపెట్టగానే మేనేజరు అద్దాల బీరువాలో ఉన్న నల్ల పెట్టె మీద వేలు పెట్టాడు. ఎనిమిది యాంటెనా కొమ్ములు, చూస్తే రాక్షసుడిలా ఉంది. "ఇది ఇయ్యి. రేంజి బాగుంటుంది."

"ఇది రిపీటరు గదా అన్నా?" అంది సుగంధి. "ఇది నెట్టు ఎక్కడి నుంచి తీసుకుంటుంది?"

"గాలిలో నుంచే. మీ ఆఫీసు వైఫైని పట్టి, మళ్లీ వదులుతుంది."

"గాలిలో పన్నెండు వరసల తడిగుడ్డ ఉండాది. దీనికి రాకుంటే ఇది ఏమి వదులుతుంది? ఎండిన బావికి ఎనిమిది చేదలు కట్టినట్టు! తీగతో వచ్చేది చూపించు. యాక్సెస్ పాయింటు."

అతను ఒక తెల్లటి పళ్లెం లాంటిది తీశాడు. కొమ్ముల్లేవు, అందం లేదు. పైకప్పుకు బిగించేది. "దీనికి కేబులు లాగాలి. ఎంత దూరం?"

"నాలుగు తానులు."

"ఏందీ?"

"ఎనభై మీటర్లు. నూరు మీటర్లు దాటితే కేబులు పని చెయ్యదు గదా? దాటలే."

ఆరోక్కియరాజ్ ఆమెను రెండోసారి చూశాడు. "కరెంటుకు ప్లగ్గు షెడ్డులోనే పెడదామా?"

"వద్దే వద్దు. షిఫ్టు మారేటప్పుడు దూది దుమ్ము ఊడ్చేదానికి ఆరూ యాభైకి షెడ్డు మెయిను ఆపుతారు. ఐదు నిమిషాలకు వేస్తారు. ఇది చచ్చి లేచేసరికి మా ఏడు గంటలు పోతుంది. కేబులులోనే కరెంటు కూడా పోయేది ఉండాది గదా, ఆఫీసు నుంచి? అది ఇయ్యి."

"ఈ కేళ్వి, ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదమ్మా నన్ను," అన్నాడతను, నిజంగానే.

మేనేజరుకు ఇంకా కొమ్ములపెట్టె మీదే మనసు. "ఈ పళ్లెం దొంగలు పీక్కోని పోతారు. షెడ్డులో ఇనుప బీరువా ఉండాది, అందులో పెట్టి తాళం వేద్దాము."

"ఇనుములో నుంచి సిగ్నల్ వస్తుందా? బిడ్డను బీరువాలో పెట్టి బయటినుంచి పాలు పడతారా సార్?"

కొట్టులో సామాను కొనడానికి వచ్చినవాళ్లు కూడా నవ్వారు. ఆ తర్వాత వేంకటసుబ్రహ్మణ్య ఏ పెట్టె మీదా వేలు పెట్టలేదు.

ఆ సాయంత్రమే పని. ప్రహరీ పైన పైపులో కేబులు. ఆరోక్కియరాజ్ ఒక చివర, సుగంధి ఒక చివర, నడుమ ఇంటికి పోకుండా ఆగిన ఆడవాళ్లు వరసగా అందుకుంటూ, లాగుతూ, మెలికలు విప్పుతూ. తెల్ల పళ్లేన్ని స్తంభానికి ఎదురుగా పైదూలానికి బిగించారు. నీలం చుక్క వెలిగింది.

బుధవారం. పన్నెండు వరసల గుడ్డ నీళ్లు కారుతూ వేలాడుతోంది, ఎప్పటిలాగే. ఆరూ యాభైకి మెయిను ఆపారు. షెడ్డు మసక మసకయింది. దూలం మీద నీలం చుక్క ఆరలేదు. జక్కమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, పెళ్లిచూపులకు కూర్చున్నదానిలా టాబ్లెట్టు ముందు నిలబడింది.

టింగ్.

చక్రం ఒక్క చుట్టు కూడా తిరగలేదు. బి. జక్కమ్మ, పచ్చ గీత. షెడ్డు రేకులు లేచిపోయేలా అరిచారు. వెనక ముప్పై తొమ్మిది మంది, టింగ్ టింగ్ టింగ్, ఆరూ యాభై అయిదుకల్లా ఊరంతా హాజరు. ఊడ్చేవాడు చీపురు పట్టుకుని బిత్తరపోయి చూశాడు.

గురువారం అంతే. శుక్రవారం అంతే.

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసువాళ్లకు జక్కమ్మ హాజరు లెక్క బయటికి తీయక తప్పలేదు. నాలుగువందల ఎనభై. వేంకటసుబ్రహ్మణ్య ఒకటికి రెండుసార్లు చూశాడు, ఎక్కడైనా ఒక గైర్హాజరు దొరుకుతుందేమోనని. దొరకలేదు. గుమ్మం నిండా ఆడవాళ్లు. కోదండరామ రాజా పర్మనెంటు ఉత్తర్వు మీద సంతకం పెట్టి జక్కమ్మ చేతికిచ్చాడు. సుగంధి దాన్ని అక్కడే, నిలబడే, మొదటి మాట నుంచి చివరి మాట దాకా గట్టిగా చదివింది.

"సరే, ఇంక పనికి పోండి," అన్నాడు మేనేజరు.

జక్కమ్మ కదల్లేదు. కాగితం రవికలో దోపుకుంది.

"సార్, నాకు రేపు లీవు కావాల."

"పర్మనెంటు చేసిన రోజేనా?"

"ఆమా, ఈ రోజే. పర్మనెంటుకు లీవు ఉండాది గదా? రెండేండ్ల నిద్ర బాకీ ఉండాది నాకు. తొమ్మిదింటిదాకా లేచేది లేదు."

సుగంధి అప్పటికే అర్జీ రాయడం మొదలుపెట్టింది.