తొమ్మిదో కథకి మార్కులు

ఇస్త్రీ పెట్టె వేడెక్కేలోపు ఒక కథ చదవవచ్చు. నాలుగు చొక్కాలు అయ్యేసరికి దాని గురించి ఏం రాయాలో మనసులో తయారవుతుంది. మూడేళ్లుగా ఆమె పద్ధతి ఇదే. కాగితాలు ఇస్త్రీ బల్ల చివర పెట్టుకుని, ఒక కన్ను కథ మీద, ఒక కన్ను కాలరు మీద వేసి ఉంచుతుంది. చొక్కాలు ఆయనవి. కథలూ ఆయనవే. అంటే ఆయన రాసినవని కాదు, జడ్జిగా ఆయన మార్కులు వెయ్యాల్సినవి.

లైబ్రరీ మేడ మీద ఏటా ఒక సరదా పోటీ జరుగుతుంది. రెండు పేజీల కథ రాయాలి, అందులో ఈ లోకంలో జరగనిదేదో ఒకటి జరిగి తీరాలి. బహుమతంటూ ఏమీ లేదు, గెలిచిన కథని నెల రోజులు నోటీసు బోర్డు మీద ఉంచుతారు, అంతే. కథల మీద పేర్లుండవు, నంబర్లే. లైబ్రేరియన్ అమ్మాయి అన్నిటినీ టైపు చేసి సభ్యులందరికీ ముందే పంచిపెడుతుంది. ఆఖరి రోజున జడ్జి ఒక్కో కథ గురించి నాలుగు మాటలు పైకి చదివి మార్కులు చెబుతారు. తర్వాత సభ్యులు చేతులెత్తి ఓట్లు వేస్తారు. రెండూ కలిపితే ఫలితం. ఎవరి కథకి వాళ్ళు ఓటు గాని, మార్కులు గాని వేసుకోకూడదు.

ఆమె భర్తని జడ్జిగా ఎందుకు పెట్టారంటే, ఆయన గొంతు అలాంటిది. బీమా ఆఫీసులో ఫోనెత్తి "చెప్పండి" అంటే అవతలివాళ్ళు అడగాల్సింది మర్చిపోతారని పేరు. కథలు చదివే ఓపిక మాత్రం ఆయనకి బొత్తిగా లేదు. మొదటి ఏడాది కాగితాల కట్ట ఆమె చేతిలో పెట్టి, "కాస్త చూసి పెట్టవోయ్, నీకు ఇలాంటివి ఇష్టం కదా" అన్నాడు. అత్తగారు పక్కనుంచి, "వాడికి తీరికెక్కడిదమ్మాయ్, నువ్వైతే ఇంట్లో ఖాళీగానే ఉంటావు" అంది. పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరు దాకా కళ్ళజోళ్ళ దుకాణంలో నిలబడి వచ్చే కోడలు ఖాళీగా ఎప్పుడుంటుందో ఆవిడే చెప్పాలి. అడిగితే గొడవ పెద్దదవుతుందని ఆమె అడగలేదు.

ఆమె రాసిన మాటల్ని ఆయన ముందుగా చూసుకోవడం కూడా ఉండదు. "అక్కడే మొదటిసారి చదివితే ఫ్రెష్‌గా ఉంటుంది" అంటాడు. నిజమే, ఫ్రెష్‌గానే ఉంటుంది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతాడు, ఎక్కడ నవ్వాలో అక్కడ నవ్వుతాడు. జనం వచ్చి చెయ్యి పట్టుకుని ఊపుతారు. "మీ మాటల కోసమే వస్తామండీ" అంటారు. ఆమె మూడో వరుసలో గోడ పక్క కుర్చీలో కూర్చుని అందరితో పాటు చప్పట్లు కొడుతుంది. తన వాక్యాలకి తనే చప్పట్లు కొట్టుకోవడం మొదట నవ్వులాటగా ఉండేది. పోయినేడాది మాత్రం ఒళ్ళు మండింది.

ఈసారి వేరే ఎవరినో జడ్జిగా పెడుతున్నారని ఆయన అలిగి కూర్చున్న వారంలోనే ఆమె ఒక కథ రాసింది. దుకాణంలో భోజనాల వేళ, పవర్లు రాసిచ్చే చీటీల వెనక వైపు రాసింది. రాస్తూంటే అన్నం చల్లారిపోయింది, ఆ సంగతి కూడా తెలియలేదు. సాపు రాసి, లైబ్రరీలో పెట్టిన పెట్టెలో వేసి, దొంగతనం చేసినదానిలా వెనక్కి చూడకుండా వచ్చేసింది. తీరా చూస్తే ఆ కొత్త జడ్జికి నడుం పట్టేసిందట. లైబ్రేరియన్ అమ్మాయి మళ్ళీ ఆయనకే ఫోన్ చేసింది. కాగితాల కట్ట మళ్ళీ ఇస్త్రీ బల్ల మీదకి వచ్చింది. పై నుంచి లెక్కపెడుతూ వెళితే ఆఖరిది, తొమ్మిదో నంబరు, తనదే.

అప్పటి నుంచి ఆమె నేల మీద లేదు. రోజంతా కథలు వెంటే నడుస్తున్నాయి. మూడో కథలో వాన కింది నుంచి పైకి కురుస్తుంది. బట్టలు పిండుతుంటే ఆ నీళ్ళు మోచేతుల మీదుగా పైకి పాకినట్టే ఉంది. ఆరో కథలో ఒక బస్సు నిన్నటి రోజు దగ్గర ఆగుతుంది. పొద్దున్నే స్టాపులో నిలబడి, ఆ బస్సు వస్తే ఏ నిన్నకి టికెట్ అడగాలో తేల్చుకోలేక, ఎక్కాల్సిన బస్సు వదిలేసింది. దుకాణానికి ఆలస్యంగా వెళితే యజమాని గడియారం వైపు చూశాడు గాని ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయన తిట్టు.

ఒక పెద్దాయన కళ్ళకి అద్దం మార్చి, "ఇప్పుడు స్పష్టంగా ఉందా, ఇందాక ఉందా?" అని అడిగింది. రోజుకి యాభైసార్లు అడిగే మాటే అది. ఆ పూట మాత్రం నోట్లోంచి రాగానే అక్కడే నిలిచిపోయింది. తనని ఎవరూ ఎప్పుడూ ఇలా అడగలేదు. తను రాసినది బాగుందో లేదో చెప్పేవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరున్నారు? జడ్జి చదవడు. చదివేది తనే. మూడేళ్లలో ముప్పై కథలకి మనసు పెట్టి న్యాయం చేసింది, తన కథకి వచ్చేసరికి న్యాయం చెప్పే మనిషే లేకుండా పోయింది. పదికి పది వేసుకుంటే దొంగతనం. మూడు వేసుకుంటే అబద్ధం. ఫోన్ చేసి కథ వెనక్కి తీసుకోవచ్చు, ఎవరికీ ఏ గొడవా ఉండదు. ఆ మూడోదే ఇంటి మనుషులు మెచ్చే పని అని తెలిసి ఆమెకి ఏడుపొచ్చింది.

ఆ తొమ్మిదో కథలో ఒక ఇల్లాలు మెట్ల కింద ఊడుస్తుంటే చిన్న తలుపు కనబడుతుంది. తెరిస్తే లోపల ఒక గది. పెళ్ళైనప్పటి నుంచి ఆవిడ తర్వాత పడుకుందాంలే అని వాయిదా వేసిన నిద్రలన్నీ అక్కడ దుప్పట్లలా మడతపెట్టి ఉంటాయి. చుట్టాలొచ్చిన మధ్యాహ్నాల నిద్రలు, పిల్లాడికి జ్వరమొచ్చిన రోజుల నిద్రలు, పేరుకి మాత్రం సెలవైన ఆదివారాల నిద్రలు. ఆవిడ వాటిని ఒక్కొక్కటే పరుచుకుని పడుకుంటుంది. ఎంతసేపు పడుకుంటుందంటే జుట్టు పెరిగి తలుపు కింద నుంచి వసారాలోకి పాకుతుంది. చివరికి ఎవరో మంచినీళ్ళు అడిగినట్టనిపించి, లేచి, వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

శనివారం ఆమె ఎనిమిది కథలకి మార్కులు వేసి, మాటలు రాసింది. తొమ్మిదో దాని దగ్గర మార్కుల గడి ఖాళీగా వదిలేసి, దాని కింద కూడా నాలుగు వాక్యాలు రాసింది.

ఆదివారం సాయంత్రం బయల్దేరే ముందు కాగితం అందిస్తూ, "ఒకసారి చదువుకోండి" అంది.

"నువ్వు చూశావుగా. ఇంక నేను చూసేదేముంది?" అంటూ ఆయన అడుగున సంతకం చేశాడు.

"ఈసారైనా చదువుకోండి. మంచిది."

"అక్కడే చదువుతాలేవోయ్. ఆ చొక్కా ఎక్కడ పెట్టావు?"

ఆమె చొక్కా తెచ్చిచ్చింది.

లైబ్రరీ మేడ మీద ఇరవై మంది దాకా ఉన్నారు. ఆయన లేచి గొంతు సవరించుకున్నాడు. మొదటి కథ, రెండో కథ, వాన పైకి కురిసే కథ. ఆగాల్సిన చోట ఆగాడు. జనం తలలూపారు. బస్సు కథకి ఎనిమిది మార్కులన్నప్పుడు వెనక ఎవరో అమ్మయ్య అన్నారు.

"తొమ్మిదో కథ," అన్నాడాయన అదే నిండు గొంతుతో. "ఈ కథ రాసిన మనిషి మూడో వరుసలో గోడ పక్కన కూర్చుంది. ఇప్పటిదాకా మీరు విన్న మాటలు, పోయిన మూడేళ్ల మాటలు కూడా ఆమెవే. తన కథకి తను..." అక్కడ ఆగాడు. అది ఆగాల్సిన చోటు కాదు. కానీ ఆయనకి వాక్యం సగంలో వదలడం చేతకాదు. "తన కథకి తను మార్కులు వేసుకోలేదు. మీలో ఎవరైనా చదివి నిజం చెప్పండి."

కుర్చీలు కిర్రుమన్నాయి. అందరి ముఖాలూ మూడో వరుస వైపు తిరిగాయి. ఆయన ఆమె కుర్చీ దాకా వచ్చి, వంగి, నోట్లోనే, "ముందే చెప్పొచ్చుగా" అన్నాడు.

"చదువుకోమన్నాను కదండీ. రెండుసార్లు."

లైబ్రేరియన్ అమ్మాయి పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసింది. అప్పుడు కిటికీ దగ్గర కూర్చున్న రిటైరైన నర్సమ్మ తన కాగితాలు తిరగేసింది.

"నేను చదివాను. రెండుసార్లు చదివాను," అంది. "ముప్పై ఏళ్ళు నైట్ డ్యూటీలు చేసినదాన్ని. ఆ గది గురించి చదువుతుంటే కళ్ళు మూసుకుపోయాయి, అంత బాగుంది. ముగింపు మాత్రం నచ్చలేదమ్మా. ఆవిడ ఎందుకు లేచింది?"

ఆమె లోపల ఏదో ఒకటి తీయగా విరిగింది. ఎవరో తను రాసినది చదివారు, చదివి బాగాలేదన్నారు, ఎక్కడ బాగాలేదో వేలు పెట్టి చూపించారు. ఇంత సంతోషం ఉంటుందని ఆమెకి ఈ వయసుకి గాని తెలియలేదు.

"ఎవరో మంచినీళ్ళు అడిగినట్టు అనిపించింది," అంది ఆమె.

"నిజంగా అడిగారా?"

"లేదండీ. అలవాటు."

"అయితే నా ఓటు ఇప్పుడు వెయ్యను. మార్చి తీసుకురా," అంది నర్సమ్మ.

మిగతా చేతులు లేచాయి, దిగాయి. బస్సు కథ గెలిచింది. రాసిన కుర్రది సిగ్గుపడుతూ నిలబడింది. ఆమె అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది, ఎందుకంటే ఆ ఎనిమిది మార్కులు వేసింది తనే.

జనం మెట్లు దిగుతుంటే ఆయన కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆమె ముఖంలోకి చూడలేకపోతున్నాడు. "పద, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. వంట సంగతి అమ్మ అడుగుతుంది."

"మీరు వెళ్ళండి," అంది. "నాకు కాస్త పనుంది."

ఆయన తలుపు దగ్గర ఒక నిమిషం నిలబడ్డాడు. తర్వాత మెట్లు దిగిన చప్పుడు వినబడింది.

లైబ్రేరియన్ అమ్మాయిని పెన్ను అడిగి తీసుకుని, గోడ పక్క కుర్చీ వదిలేసి, జడ్జి బల్ల దగ్గర కూర్చుంది. తొమ్మిదో కథ తెరిచి ఆఖరి వాక్యం కొట్టేసింది. మెట్ల కింద గదిలో ఆవిడ ఇంకా నిద్రపోతూనే ఉంది.